ట్యాపెట్ కవరుకు రంగు: పది రోజుల పనిలో రంగు వేసింది గంటే

మా ఇంట్లో ఉన్న హోండా సిటీ 2001 నాటిది. 1998లో గ్రేటర్ నోయిడా కర్మాగారం నుంచి మన రోడ్ల మీదికి వచ్చిన తొలి తరం బండి. నాన్నగారు ఇష్టపడి కొనుక్కున్న కారు; ఇప్పటికీ ఆదివారం ఉదయం బానెట్ ఎత్తి, నీళ్లూ ఆయిలూ చూసుకోనిదే ఆయనకు కాఫీ రుచించదు. బానెట్ ఎత్తగానే మొదట కంటబడేది ఇంజిన్ నెత్తిన ఉండే అల్యూమినియం మూత. సర్వీసు పుస్తకాలలో దాన్ని సిలిండర్ హెడ్ కవర్ అంటారు గాని, మన షెడ్లలో అందరూ ట్యాపెట్ కవర్ అనే అంటారు. నేనూ ఆ మాటే వాడతాను. కొత్త బండ్లలో ఇంజిన్ పైన అలంకారానికి తొడిగే ప్లాస్టిక్ మూత వేరు. దానికి ఆయిలుతో గాని వేడితో గాని పెద్దగా సంబంధం ఉండదు, ప్లాస్టిక్కుకు తగిన ప్రైమర్, అంటే రంగు కింద పట్టుకోసం వేసే తొలి పూత, వేస్తే సగం పని అయినట్టే. ట్యాపెట్ కవర్ అలా కాదు. లోపలి వైపు వేడి ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది, అంచున ఉన్న రబ్బరు ప్యాకింగ్ ఒత్తిడి మీదే అది కారకుండా ఆగుతుంది, బయట ఏళ్ల తరబడి దుమ్మూ జిడ్డూ పేరుకుంటాయి.

మాది విశాఖపట్నం, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరం. ఉప్పుగాలికి అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు. సున్నం పొక్కినట్టు తెల్లని పొడి లేస్తుంది. మా కవర్ మీద ఆ తెలుపు అక్కడక్కడా పాకింది. దానికి తోడు, ఎనిమిదేళ్ల క్రితం ఒక షెడ్డులో బండికి వేరే పని చేయించినప్పుడు, అడగకుండానే కవర్ మీద సిల్వర్ రంగు కొట్టి ఇచ్చారు. కింద ఉన్న జిడ్డు తుడవలేదు. మూడు నెలలకే ఆ రంగు ఉల్లిపొరలా లేచింది. లేచిన పొర కింద వేలు పెట్టి చూస్తే నల్లటి ఆయిల్ చెమ్మ తగిలింది. కవర్ కారుతున్న సంగతిని ఆ రంగు అన్నాళ్లూ దాచిపెట్టిందని నాకు అప్పుడు అర్థమైంది, బాధా కలిగింది.

గత డిసెంబరులో బండి కొద్దిగా మిస్ కొడుతుంటే మా మెకానిక్ మేస్త్రిగారిని ఇంటికి పిలిపించాను. ప్లగ్గు వైరు పీకి, టార్చి వేసి చూపించారు. ప్లగ్గు దిగే గొట్టంలో ఆయిల్ నిలిచి ఉంది.

"ప్యాకింగులు రాయిలా అయిపోయాయి బాబూ. కవరు దించి మొత్తం మార్చాలి."

"అయితే మేస్త్రిగారూ, దించాక పది రోజులు నా దగ్గరే ఉంచుకోవచ్చా? రంగు వేసుకుందామని ఎన్నాళ్లనుంచో ఉందండీ."

"ఉంచుకోండి. కానీ ఇంజను తల తెరిచి పెట్టకండి. చిన్న రాయి పడినా దాని ఖరీదు మీకు తెలీదు."

ఆ మాట నేను మరిచిపోలేదు. కవర్ దించిన వెంటనే ఉతికిన నూలు గుడ్డ ఒకటి, దానిపైన మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి, చుట్టూ నాడాతో కట్టేశాను. కవర్ దించడానికి చిన్న పానా సెట్టు సరిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ప్లగ్గు వైర్లకు వరుస నంబర్లు అతికించి పక్కకు పెట్టి, గాలి గొట్టం ఊడదీసి, నట్లన్నీ కొంచెం కొంచెంగా వదులు చేస్తే కవర్ కదులుతుంది. అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవరు దూర్చి పైకెత్తకూడదు. మెత్తని అల్యూమినియం అంచు మీద గీత పడిందంటే ఆ గీతలోంచే ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో పక్కలనుంచి మెల్లగా తట్టాలి.

ఇక శుభ్రం చేయడం దగ్గరకు వద్దాం. నా పది రోజుల్లో నాలుగు రోజులు దీనికే పోయాయి, ఆ నాలుగు రోజులూ దండగ అని నేను అనుకోవడం లేదు. మొదట డీజిలు పోసి, పాత టూత్ బ్రష్షుతో, ఇత్తడి బ్రష్షుతో రుద్దాను. ఇనుప బ్రష్షు వాడలేదు, దాని నుంచి రాలిన నలుసులు అల్యూమినియంలో దిగి తర్వాత తుప్పు మచ్చలుగా తేలతాయి. డీజిలు తర్వాత వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్. కాలువలు శుభ్రం చేసే పొడులు గాని, కాస్టిక్ సోడా ఉన్న ఏ ద్రావకం గాని దగ్గరికి రానివ్వకూడదు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా ఆ చర్యలో మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఇంట్లో ఉన్నదే కదా అని చాలామంది ఈ పొరపాటు చేస్తారు కాబట్టి నొక్కి చెబుతున్నాను.

జిడ్డు పోయిందో లేదో చూపించేది నీళ్లే. కడిగిన కవర్ మీద శుభ్రమైన నీళ్లు పోసి, ఏటవాలుగా పట్టుకుని వెలుతురులో చూశాను. నీరు పలుచని పొరలా ఒకేలా జారితే జిడ్డు లేనట్టు. తామరాకు మీద బొట్లలా విడివిడిగా నిలిస్తే ఇంకా ఉన్నట్టు. మొదటి రోజు మొత్తం బొట్లే. రెండో రోజు సగం. అల్యూమినియం పోత వస్తువు పైకి గట్టిగా కనిపించినా లోపల సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో ఇరవై ఏళ్ల ఆయిల్ ఇంకి ఉంటుంది. డాబా మీద మధ్యాహ్నపు ఎండలో రెండు గంటలు పెడితే, శుభ్రమైందనుకున్న చోటనే పసుపచ్చని మరకలు మళ్లీ పైకి వచ్చాయి. కడగడం, ఎండబెట్టడం, మళ్లీ కడగడం ఇలా మూడుసార్లు చేశాక, నాలుగో నాటి సాయంత్రం నీరు తెరలా జారింది.

పాత రంగు తీయడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించమని తెలిసినవాళ్లు ఇద్దరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. కవర్ లోపలి వైపున ఒక రేకు బిగించి ఉంటుంది. గాలితో పాటు వచ్చే ఆయిల్ తుంపరను వేరు చేసి కిందికి దించడానికి అది ఉంది. ఆ రేకు వెనక ఇసుక రేణువులు చేరితే ఎంత కడిగినా పూర్తిగా రావు. ఇంజిన్ నడిచాక వేడి ఆయిల్ వాటిని ఒక్కొక్కటిగా కడుక్కుని బేరింగుల దాకా తీసుకుపోతుంది. అందంకోసం ఇంజిన్ ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాకు నచ్చదు. పెయింట్ రిమూవర్ పూసి, చేతికి గ్లౌజులు తొడుక్కుని, ఆరుబయట కూర్చుని గీకాను. తర్వాత లోపలి వైపంతా టేపుతో మూసేసి, వాటర్ పేపరు (నీళ్లతో రుద్దే గరుకు కాగితం; నంబరు పెరిగేకొద్దీ నునుపు) 120తో మొదలుపెట్టి 220, 320 దాకా నీళ్లు తగిలిస్తూ రుద్దాను. 320 దగ్గర ఆపేయాలి, అంతకన్నా నున్నగా చేస్తే ప్రైమరుకు పట్టు దొరకదు.

ప్రైమర్ విషయంలో హార్డ్‌వేర్ దుకాణంలో చిన్న వాదనే జరిగింది. దుకాణదారు రెడాక్సైడ్ అనే ఎర్ర ప్రైమర్ డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. కిటికీ ఊచలకూ గేట్లకూ అది చక్కని రంగే, ఎందుకంటే అవి ఇనుపవి. అల్యూమినియం మీద మాత్రం గాలి తగలగానే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, మామూలు ప్రైమర్ దానిని గట్టిగా పట్టుకోలేదు. అందుకే కొద్దిగా ఆమ్లం కలిసి, లోహాన్ని కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. కార్ల రంగులమ్మే దుకాణంలో అది దొరికింది.

పైరంగు దగ్గర ఇంకో పొరపాటు ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కుతుంది కదా అని సైలెన్సర్లకు వేసే 600 డిగ్రీల రంగు కొనేస్తారు. ఆ రకం రంగులు గట్టిపడాలంటే ఒకసారి బాగా కాలాలి, ట్యాపెట్ కవర్ ఎన్నడూ అంత వేడికి చేరదు. అది సుమారుగా ఆయిల్ వేడిమి దగ్గర, అంటే 100 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. కాలని సైలెన్సర్ రంగు మెత్తగానే ఉండి, పెట్రోలు చుక్క పడినా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. ఇంజిన్ ఎనామెల్ అని ప్రత్యేకంగా అమ్మేది కొనాలి. 250 డిగ్రీల వరకు తట్టుకునేదైతే చాలు, అంతకన్నా ముఖ్యంగా పెట్రోలునూ ఆయిలునూ తట్టుకునేదై ఉండాలి.

రంగు ఎంపిక నాన్నగారిది. ఎరుపు అన్నారు. ఎర్రటి కవర్లకు పేరున్న చరిత్రే ఉంది. 1956లో ఫెరారీ తన పందెపు కారు ఇంజిన్ కవర్లకు ఎరుపు వేసి టెస్టా రోసా అని పేరు పెట్టింది, ఇటాలియన్‌లో ఆ మాటకు ఎర్ర తల అని అర్థం. హోండా కూడా 1995 నాటి ఇంటెగ్రా టైప్ ఆర్ ఇంజిన్‌కు ముడతలు తేలిన ఎర్ర రంగు వేసింది. మాది ఆ కోవకు చెందిన బండి కాదు, అయినా ఆ ఇంటి పిల్లే. నా మట్టుకు నేను లేత బూడిద రంగు కోరుకున్నాను, లేత రంగు మీద ఆయిల్ చెమ్మ వెంటనే కనిపిస్తుందని. కారు ఆయనది కాబట్టి ఎరుపే ఖాయమైంది, అయితే మరీ ముదురు కాకుండా చూసుకున్నాను.

రంగు వేసే ముందు ప్యాకింగ్ కూర్చునే గాడినీ, ప్లగ్గు గొట్టాల రంధ్రాలనూ, నట్లు ఆనే చోట్లనూ, ఆయిల్ మూత మరలనూ మాస్కింగ్ టేపుతో కప్పాలి. గాడిలోకి రంగు దిగితే ప్యాకింగ్ సమంగా కూర్చోదు. టేపును అంచు మీదుగా అతికించి, సుత్తి వెనక భాగంతో అంచు వెంబడి చిన్నగా తడితే, ఆ గీత దగ్గరే టేపు తెగి సరిగ్గా ఆకారానికి వస్తుంది.

జనవరి నెల కాబట్టి మంచు విడిచాక, ఉదయం పది గంటలకు మొదలుపెట్టాను. మన కోస్తాలో వాన రోజుల్లో తేమకు రంగు పాలిపోతుంది, మే నెల ఎండలో స్ప్రే తుంపర దారిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుగ్గా పడుతుంది. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, రెండు నిమిషాలు బాగా కుదిపి, జానెడు దూరం నుంచి వేశాను. చేయి కవర్ బయటే మొదలై కవర్ దాటాకే ఆగాలి. మొదటి పూత పలుచగా, కింద ప్రైమర్ కనిపించేలా ఉండాలి. పది నిమిషాల ఎడంతో మరో మూడు పూతలు.

రెండో పూతలోనే దెబ్బ తగిలింది. ఒక మూలన రంగు పడ్డ చోట గుండ్రని చిన్న గుంటలు లేచాయి. ఆవగింజంత ఉన్నాయి, ఒక్కొక్కదాని మధ్యలో ప్రైమర్ కనబడుతోంది, చుట్టూ రంగు గట్టులా నిలిచింది. చాలాసేపు కారణం తోచలేదు. ఆ ఉదయమే డాష్‌బోర్డుకు పాలిష్ పెట్టిన చేత్తో కవర్ మూల పట్టుకున్నానని తర్వాత గుర్తొచ్చింది. ఆ పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది, అది ఒక వేలిముద్రంత అంటినా రంగు దాని మీద నిలవదు. పైనుంచి ఎంత రంగు కొట్టినా ఆ గుంటలు పూడవు. ఆ మూల ఆరేదాకా ఆగి, మర్నాడు రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. రంగు వేసిన సమయం మొత్తం గంటే గాని, ఆ గంట రెండు రోజుల మీదికి పాకింది.

చివరి పూత ఇంకా వేలికి అంటుతుండగానే టేపు తీసేయాలి. పూర్తిగా ఆరాక తీస్తే అంచు పెచ్చులుగా లేస్తుంది.

మర్నాడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని మిగిలింది. కవర్ మీద పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన హోండా అక్షరాలుంటాయి. చిన్న చెక్కముక్కకు 400 పేపరు చుట్టి, నీళ్లు తడిపి, అక్షరాల తల మీద మాత్రమే ఆనేలా ఒకే దిశలో నడిపాను. ముందు ఎర్రని నీరు వచ్చింది, తర్వాత ప్రైమర్ బూడిద రంగు తేలింది, ఆ పైన ఒక్కో అక్షరం అంచులోంచి వెండి గీత బయటపడి మెల్లగా మధ్యకు పాకింది. 800 పేపరుతో నునుపు చేసి ఆపేశాను. వట్టి అల్యూమినియాన్ని మా సముద్రపు గాలికి వదిలేస్తే మళ్లీ తెల్లబడుతుంది కాబట్టి, అదే రంగుల వరసలోని ఇంజిన్ క్లియర్, అంటే రంగులేని పారదర్శక పూత, రెండుసార్లు పలుచగా వేశాను. గట్టిపరిచే హార్డెనర్ కలిపే రకం క్లియర్ ఇంట్లో వాడవద్దు. అందులోని ఐసోసైనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, మామూలు మాస్కు దాన్ని ఆపలేదు.

రంగు ఆరడం వేరు, గట్టిపడడం వేరు. గంటలో చేతికి అంటకుండా ఆరుతుంది, గోటికి లొంగకుండా గట్టిపడడానికి వారం కావాలి. 90 డిగ్రీల దగ్గర అరగంట కాల్చితే తొందరగా అవుతుంది గాని, ఆహారం వండే ఓవెనులో ఆ పని చేయకూడదు. నేను వారం ఆగాను. నాన్నగారు రోజుకు రెండుసార్లు వరండాలోకి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చూసి వచ్చేవారు.

బిగించే రోజు మేస్త్రిగారు వచ్చారు. కవర్ విప్పి ఉండగానే ట్యాపెట్ గ్యాపులు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందులు, చూశారు. కొత్త ప్యాకింగ్, ప్లగ్గు గొట్టాల సీళ్లు, నట్ల కింది రబ్బరు వాషర్లు వేసి, ప్యాకింగ్ మలుపు తిరిగే మూలల్లో మాత్రం సన్నగా సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు పెట్టాం. నట్లను మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాం. సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువే దీనికి కావలసింది, అంటే మణికట్టు బలమే. రబ్బరుకు కావలసిన ఒత్తిడి అంతే, ఇంకా తిప్పితే నట్టు ఎక్కే మరల కడ్డీ (స్టడ్) తెగుతుంది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ప్రతి ఆదివారం నాన్నగారు నూలు గుడ్డతో కవర్ అంచు చుట్టూ తుడిచి గుడ్డ నాకు చూపిస్తారు. ఇంతవరకు తెల్లగానే వస్తోంది. చివరి నట్టు పక్కన సాకెట్ రాసుకుని గోరంత రంగు లేచింది. డబ్బాలో మిగిలిన ఎరుపును మూతలోకి కొట్టి, సన్నని కుంచెతో ఆ మచ్చ మీద ఆయనే అద్దారు.