ఇతరములు 2,000

పదకొండున్నర దాటింది, మా ఆవిడ రెండుసార్లు లైటు తీసేయమంది, అయినా బామ్మర్ది పంపిన ఎక్సెల్ షీటు ఆఖరి లైను బుర్రలోంచి పోవట్లేదు. వాడి సంగతి మీకు తెలుసుగా, పోయినేడాది డ్రోను, అంతకుముందు డాబా మీద మట్టి లేకుండా ఆకుకూరలు, ఇప్పుడు క్యారవాన్. హోసూరు రోడ్డు వైపు ఎక్కడో పదమూడు సీట్ల సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్ చూశాడట, అది కొని లోపల మంచాలు, వంటగట్టు, బాత్రూమ్ పెట్టిస్తే అంతా కలిపి 14 లక్షల్లో తేలిపోతుంది, నువ్వు సగం నేను సగం బావా అని.

షీటు మాత్రం నీట్‌గా చేశాడు, రంగులు కూడా వేశాడు. డీజిల్ ఉంది, టోల్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. "హోటల్ మిగులు" అని పచ్చ రంగు కాలమ్ ఒకటి, ఏడాదికి 20 రాత్రులు, రాత్రికి రెండు రూములు కలిపి 8,000, వెరసి 1,60,000 మిగులు. అన్నిటికన్నా కింద "ఇతరములు 2,000".

ఆ రెండు వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయిరా అంటే "ఊరికే అప్రాక్సిమేట్‌గా వేశా బావా" అన్నాడు. నెలకా, ఏడాదికా, ట్రిప్పుకా అంటే "అవన్నీ తర్వాత చూద్దాం" అన్నాడు. పగలంతా ఆఫీసులో అదే గుర్తొస్తోంది. పద్నాలుగు లక్షల దగ్గర కూడా నాకంత మండలేదు.

వాడు 2019లో మాతో రాలేదు, అదీ అసలు సంగతి. తోడల్లుడుగారు అమెరికాలో, లాస్ వేగస్‌లో ఆర్వీ, అంటే అక్కడి క్యారవాన్, అద్దెకి తీసుకుని మా అందర్నీ యూటా తిప్పిన ట్రిప్పు ఫొటోలు చూశాడు, అంతే. ఎర్ర కొండలు, బండి పక్కన మడత కుర్చీలు, అత్తయ్యగారు స్వెట్టరేసుకుని కాఫీ తాగడం. ఖర్చు ఫొటోల్లో పడదు కదా. అక్కడ కౌంటర్ దగ్గర ఆవిడ నవ్వుతూ ఒక్కో కాయితం తిప్పుతుంటే మన కల్యాణమండపం బుకింగే గుర్తొచ్చింది నాకు, హాలు అద్దె ఇంతేనండీ అంటాడు, ఆ తర్వాత కరెంటు యూనిట్లు వేరే, జనరేటర్ డీజిల్ వేరే, క్లీనింగ్ వేరే. ఇక్కడా అంతే, రోజు అద్దె ఒకటి, మైలుకి ఇంతని ఒకటి, జనరేటర్ వేస్తే గంటకి ఇంత, గిన్నెలూ దుప్పట్లూ కావాలంటే తలకి ఇంత. తోడల్లుడుగారు టకటకా సంతకాలు పెట్టేశారు, ఆయనకి అలవాటే. నేను మనసులో డాలర్లని రూపాయల్లోకి మారుస్తూ నిలబడ్డా, అది మానేయమని మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

ఇరవై అయిదు అడుగుల బండి అది. గ్యాలనుకి ఎనిమిదో తొమ్మిదో మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకి మూడున్నర కిలోమీటర్లు చిల్లర. ఏసీ వేసి ఎండలో ఘాట్ ఎక్కితే అదీ రాదు. జయాన్ నేషనల్ పార్కు నుంచి బ్రైస్ కాన్యన్ వైపు వెళ్లే దారిలో 1930లో పూర్తయిన సొరంగం ఒకటుంది, మైలు పైన పొడవు, మా బండి లాంటివి అందులో ఒక పక్కన పట్టవు, మధ్యలోంచే పోవాలి, అందుకని అప్పట్లో అవతలి వైపు ట్రాఫిక్ ఆపి పంపించేవారు, దానికి 15 డాలర్లు. పోన్లే, మనకోసం రోడ్డు ఆపుతున్నారు, అదో దర్జా అనుకున్నా.

ఆ సొరంగం దాటకముందు రాత్రి జయాన్‌లోనే వాచ్‌మన్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం, వాచ్‌మన్ అంటే అక్కడి కొండ పేరు లెండి. ఇల్లు మనతోనే ఉన్నా ఆ ఇంటిని నిలబెట్టుకునే చోటుకి మళ్లీ డబ్బు కట్టాలి, ఆ ముక్క బామ్మర్ది షీటులో లేనే లేదు. కరెంటు స్తంభం ఉన్న సైట్ దొరికింది, 30 ఆంపులు. అత్తయ్యగారు రైస్ కుక్కర్ పెట్టారు, పిల్లలు మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ పెట్టారు, పైన ఏసీ తిరుగుతోంది, ఠప్‌మని మొత్తం పోయింది. తోడల్లుడుగారు టార్చి పట్టుకుని బయటికెళ్లి బ్రేకర్ ఎత్తొచ్చారు. అప్పట్నుంచి ఒక రూలు పెట్టారు, అన్నం ఉడికేటప్పుడు ఏసీ బంద్. జూన్ నెలలో, యూటాలో. అందరం చెమటలు కక్కుకుంటూ కుక్కర్ దీపం ఎప్పుడు మారుతుందా అని చూస్తూ కూర్చున్నాం.

ఇక డంపింగ్. దీని గురించి ఎవరూ రాయరు, నేను రాస్తా. బాత్రూమ్‌ది ఒక ట్యాంకు, సింకూ స్నానం నీళ్లది ఇంకో ట్యాంకు. ముందు బాత్రూమ్ ట్యాంకు వదలాలి, తర్వాతే రెండోది, ఆ సబ్బు నీళ్లు పైపుని కడిగేస్తాయని. మూడంగుళాల పైపు, గిరగిరా తిప్పి బిగించాలి, సరిగ్గా బిగిసిందో లేదో లివర్ లాగాక గానీ తెలీదు. అల్లుళ్లిద్దరం గ్లవుజులేసుకుని మోకాళ్ల మీద కూర్చుని, వెనకాల ఇంకో నాలుగు బండ్లు లైన్లో ఉంటే, అది గళగళమంటూ పోవడం వింటూ... తోడల్లుడుగారు నాతో అంత తీరిగ్గా మాట్లాడింది కూడా అప్పుడేనేమో, అప్పులూ, ఆయన గ్రీన్ కార్డూ, అన్నీ ఆ పైపు పక్కనే చెప్పుకున్నాం.

సరే, అంత శుభ్రంగా కడిగి అప్పజెప్తే అద్దె ఆఫీసు కుర్రాడు బండి లోపలి ప్యానెల్‌లో బటన్ నొక్కి "ట్యాంకులో మూడో వంతు ఉంది" అన్నాడు. లేదు బాబూ, ఆ సెన్సర్‌కి కాయితం ముక్క అంటుకుంటే అలాగే చూపిస్తుంది, ఈ బండ్లు వాడే వాళ్లందరికీ తెలిసిన సంగతే, కావాలంటే లివర్ లాగి చూడు అన్నా వినలేదు. డిపాజిట్‌లో కోసేశాడు. ఇప్పటికీ ఆ కుర్రాడి మొహం గుర్తొస్తే నాకు బీపీ. అంతకుముందు బ్రైస్‌లో చూసిన సూర్యోదయం బావుంది, చాలా బావుంది.

ఇప్పుడు బెంగళూరుకొద్దాం. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ గేటు మీద పసుపు బోర్డు మీద 2.1 మీటర్లు అని రాసుంది. ట్రావెలర్ దూరదు, పైన ఏసీ డబ్బా కూడా ఉంటే అసలే దూరదు. వీధిలో పెడితే ఎదురింటాయన ఆ సాయంత్రానికే గ్రూపులో ఫొటో పెడతాడు. వెనక వీధిలో ఖాళీ సైటు ఒకటుంది, నలుగురైదుగురు కార్లు పెట్టుకుంటారు, ఆ సైటాయన్ని అడిగితే కారయితే మూడు వేలు, మీ బస్సుకయితే ఆరు వేలు సార్ అన్నాడు. ఆరు వేలు, నెలకి. ఏడాదికి 72,000. 14 లక్షలు ఎఫ్‌డీలో పడేస్తే ఏడు శాతం లెక్కన వచ్చే 98,000 పోయినట్టే. రెండూ కలిపితే 1,70,000, చక్రం ఒక్క చుట్టు తిరక్కముందే. వాడి పచ్చ కాలమ్ మొత్తం అక్కడే మునిగింది. ఇంకా బ్యాటరీ ఉంది, టైర్లున్నాయి, తిరగని బండికి టైర్లు అరగవు నిజమే, కానీ ఎండలో నిలబడి నిలబడి పగుళ్లిస్తాయి. 20 రాత్రులట! వాడికి లీవులు ఎక్కడున్నాయి? పోయిన దసరాకి ఊరెళ్లడానికే మేనేజర్‌ని బతిమాలుకున్నాడు.

లోపల మంచాలూ గట్రా బిగిస్తే ఆర్టీవో ఒప్పుకోవాలి, ఆర్సీలో ఎక్కాలి, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. పోలీసు ఆపినప్పుడు ఎవరు దిగి మాట్లాడతారు, నేనేగా. పైగా షీటులో మొదటి ట్రిప్పు వయనాడు, "రాత్రి డ్రైవ్ చేస్తే ఒక రాత్రి ఆదా" అని నోట్ కూడా రాశాడు. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరురా నాయనా, 2009 నుంచీ ఉన్న రూలు అది. గుండ్లుపేటలో లారీల వెనకాల నిలబడి ఆదా చేస్తాడు కాబోలు. ఊటీ అయినా అంతే, ఇప్పుడు ఈ-పాస్ లేనిదే ఎక్కనివ్వరు.

ఇక్కడిదాకా టైపు చేసి మంచినీళ్లకి లేచా. అత్తయ్యగారు మేలుకునే ఉన్నారు, మోకాళ్లకి ఏదో పట్టీ వేసుకుంటున్నారు. "బాబూ, వాడేదో బండి కొంటానంటున్నాడటగా, అందులో బాత్రూమ్ కుర్చీ టైపుదే ఉంటుందా?" అన్నారు. ఉంటుందండీ అన్నా. "అయితే నేనూ వస్తా" అన్నారు, అంతే, మళ్లీ పట్టీ చూసుకోవడంలో పడ్డారు.

ఇప్పుడు మళ్లీ కూర్చున్నా గానీ ఇందాక రాసినంత ఊపు లేదు. ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆవిడ మాతో ఎక్కడికీ రాలేదు. బయల్దేరే రోజు పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, దారిలో బాత్రూమ్ ఎలా ఉంటుందో అని. మైసూరు రోడ్డు ఎంత బాగుపడినా ఆ భయం పోలేదు. పోయినసారి కూర్గ్‌కి అందరం సర్దుకున్నాక "మీరెళ్లి రండి, నాకు సీరియల్ ఉంది" అన్నారు. యూటాలో మాత్రం ఆవిడే అందరికన్నా ముందు లేచి కూర్చునేవారు, నీళ్లు కూడా గటగటా తాగేవారు, ట్యాంకు తొందరగా నిండుతోందని మేం గొణుక్కున్నాం కూడా. ఈ లెక్క వాడి షీటులో లేదు, నా తిట్లలోనూ లేదు. వాణ్ణి కన్నది ఆవిడ, వాడైనా ఒక లైను రాసుండాల్సింది. హోటల్‌తో పోల్చడమే తప్పు లెక్క అనిపిస్తోంది, ఎంత మంచి రూమైనా ఆరు గంటల దారి తర్వాతే కదా వచ్చేది.

అలాగని కొనడానికి మాత్రం నేను ఒప్పుకోను. అద్దెకయితే చూడొచ్చు. మొన్న ఎందుకైనా మంచిదని ఒకాయనకి ఫోన్ చేశా (బామ్మర్దికి చెప్పకండి), రోజుకి 12,000 అన్నాడు, 250 కిలోమీటర్ల దాకా, ఆపైన కిలోమీటరు లెక్క, డ్రైవర్ బత్తా వేరే. మేం రెండ్రోజులు ఒకే ఎస్టేట్‌లో బండి ఆపుకుని కూర్చుంటామండీ, ఆ కిలోమీటర్లేం చేస్తారు అంటే "మినిమమ్ అంతే సార్" అన్నాడు. కదలని బండికి 250 కిలోమీటర్లు! పైగా బండి ఆపుకోనిచ్చినందుకు ఆ ఎస్టేట్ వాళ్లకి ఒకటి. మూడు రోజులకి 36,000, డీజిల్ వాళ్లదే, అది నయం, లీటరు తొంభై దాటి కూర్చుంది. ఖరీదే. కానీ ఏడాదికి ఒకసారి, ఆవిడతో, ఆవిడ నీళ్లు తాగుతూ... డంపింగ్ కూడా వాళ్లే చూసుకుంటారట, నేను అడగకముందే చెప్పాడు, ఆ ఒక్క మాటకే సగం పడిపోయా.

పక్కనుంచి మా ఆవిడ, నిద్రపోయిందనుకున్నా, "డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడండీ?" అంది. మొన్న ఫోన్లో నేనూ అడిగానది. "ముందు సీట్లోనే అడ్జస్ట్ అవుతాడు సార్" అన్నాడాయన. లోపల మనం, అమ్మా, పిల్లలూ, ముందు సీట్లో అతను, మధ్యలో ఒక కర్టెన్, రాత్రి అమ్మ బాత్రూమ్‌కి లేవాలంటే మొహమాటపడదా, పైగా అంత దూరం తోలినవాడు కాళ్లు ముడుచుకుని పడుకోవాలా, వద్దు, అతనికి పక్కనే రూము తీసుకుందాం అంది. సరే, రాత్రికి 1,500 వేసుకున్నా. అంటే మేం బండిలో, డ్రైవర్ హోటల్లో.