మెక్‌డేవిడ్‌ది మూడో ప్లేసే బావా, ఏటనుకున్నా సరే

ముందే చెప్పేస్తున్నా. ఐస్ హాకీలో ఇప్పటిదాకా ఆడిన సెంటర్లందర్నీ వరసలో నిలబెట్టమంటే కానర్ మెక్‌డేవిడ్‌ని నేను మూడో ప్లేస్‌లో పెడతాను, గ్రెట్స్కీ ఒకటి, లెమ్యూ రెండు, తర్వాత వీడు. కెనడాలో ఎడ్మంటన్‌లో, అంటే మెక్‌డేవిడ్ టీమ్ ఉన్న ఊళ్ళోనే ఉంటున్న మా బావ మాత్రం లెమ్యూ కన్నా పైనే అంటాడు, ఫోన్ చేస్తే ముందు అమ్మ ఎలా ఉంది అని అడుగుతాడు, నాన్న బీపీ అడుగుతాడు, ఆ తర్వాత ఇదే గొడవ. వాడి మీద కోపంతోనే ఈ పోస్ట్ రాస్తున్నా అనుకోండి.

పర్లాకిమిడిలో కూర్చుని నీకు ఐస్ హాకీ ఏటిరా అని అడిగేవాళ్ళు ఉన్నారు, అడగడంలో తప్పు లేదు, ఇక్కడ ఐస్ అంటే గోలీసోడా బండి దగ్గర తప్ప కనపడదు. కానీ టైమ్ మనకి బాగా కలిసొస్తుంది. ఎడ్మంటన్‌లో రాత్రి ఏడుకి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకి పొద్దున్న ఏడున్నర, అంటే టిఫిన్ తింటూ మొదటి పీరియడ్ చూసేసి ఆఫీసుకి బయల్దేరొచ్చు, మిగతాది మధ్యాహ్నం హైలైట్స్‌లో. పైగా మనది ఒడిశా, ఇక్కడ హాకీ గురించి ఎవరికీ ఓనమాలు చెప్పక్కర్లేదు, 2018 నుంచి ఇండియా టీమ్‌కి స్పాన్సర్ మన రాష్ట్రమే, 2018లోనూ 2023లోనూ వరల్డ్ కప్ ఇక్కడే జరిగింది, సుందర్‌గఢ్ కుర్రాళ్ళు ఇండియాకి ఆడటం మామూలు విషయం. కాబట్టి మా ఊళ్ళో హాకీ అంటే దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్. సెంటర్ అంటే ధ్యాన్‌చంద్, అది సెంటర్ ఫార్వర్డ్, లేదంటే 1975 వరల్డ్ కప్ గెలిపించిన కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్, అది సెంటర్ హాఫ్.

ఐస్ హాకీ సెంటర్ ఈ ఇద్దరి పనీ చెయ్యాలి, అదీ తమాషా. గోలీ, అంటే గోల్‌కీపర్ కాకుండా ఐదుగురే ఉంటారు, ఇద్దరు డిఫెన్స్, ఇద్దరు వింగర్లు, మధ్యలో సెంటర్. ఆట మొదలెట్టడానికి రిఫరీ పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కింద పడేస్తే దాన్ని లాక్కునే ఫేస్ఆఫ్‌కి వంగేది వాడే, పక్ పైకి తీసుకెళ్ళి పంచేది వాడే, అవతలివాళ్ళు దాడికొస్తే మన గోల్ ముందుదాకా వెనక్కి దిగొచ్చి డిఫెన్స్‌వాళ్ళకి సాయం పట్టేదీ వాడే. వింగర్ ఒక పక్క గోడ పట్టుకుని ఉన్నా నడిచిపోద్ది, సెంటర్‌కి ఆ సుఖం లేదు. అందుకే ఒవెచ్కిన్ 2025 ఏప్రిల్‌లో గ్రెట్స్కీ 894 గోల్స్ రికార్డు దాటేసినా ఈ లిస్టులో వాడి ప్రస్తావన రాదు, వాడు వింగర్.

సరే లెక్కల్లోకి వద్దాం. ఇక్కడ లెక్కలన్నీ అమెరికా, కెనడా టీమ్‌ల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌వి, గోల్ కొడితే ఒక పాయింట్, గోల్‌కి దారితీసే పాస్ ఇస్తే, అంటే అసిస్ట్‌కి, ఒక పాయింట్. గ్రెట్స్కీ గురించి ఎక్కువ చెప్పను, 1487 మ్యాచ్‌ల్లో 2857 పాయింట్లు, అందులో అసిస్టులే 1963. అంటే ఆ 894 గోల్స్ మొత్తం చెరిపేసి చూసినా పాయింట్లలో అందరికన్నా పైన వాడే, ఎందుకంటే రెండో ప్లేస్‌లో ఉన్న యాగర్‌ మొత్తం పాయింట్లే 1921. ఇక్కడ వాదన పెట్టుకునేవాడు పని లేనోడు.

అయితే బావ ఎప్పుడూ ఎత్తే పాయింట్ ఒకటుంది, అది తీసిపారేసేది కాదు. గ్రెట్స్కీ ఆడిన ఎనభైల్లో గోల్స్ పంటలా పండేవి, 1981-82 సీజన్‌లో మ్యాచ్‌కి రెండు టీమ్‌లూ కలిపి ఎనిమిది గోల్స్ సగటు. మెక్‌డేవిడ్ 2015లో వచ్చేసరికి అది ఐదున్నర దగ్గరికి పడిపోయింది. గోలీలు మోకాళ్ళమీద పడి కింద మొత్తం మూసేసే బటర్‌ఫ్లై పద్ధతి నేర్చుకున్నారు, ప్యాడ్లు పెద్దవయ్యాయి, వీడియోలు చూసి ప్రతి టీమూ ప్రతి ఆటగాడి అలవాట్లు కంఠస్థం చేసేస్తోంది, డిఫెన్స్‌వాళ్ళు షాట్‌కి అడ్డంగా పడుకుంటున్నారు. ఇంతమంది మధ్య 2022-23లో 64 గోల్స్, 89 అసిస్టులు, మొత్తం 153 పాయింట్లు కొట్టడమంటే మాటలు కాదు, ఒప్పుకుంటా.

మరి వేరే వేరే కాలాలవాళ్ళని ఎలా పోల్చాలి? నేను చేసేది ఏంటంటే ఆ సీజన్‌లో రెండో ప్లేస్‌లో ఎవడున్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు అని చూస్తా. గోల్స్ ఎక్కువ పడే కాలమైతే రెండోవాడికీ ఎక్కువే పడాలి కదా. 1985-86లో గ్రెట్స్కీ 215, రెండోవాడు 141. ఆ రెండోవాడు ఎవడో కాదు, కుర్రాడు లెమ్యూయే. 74 పాయింట్ల తేడా అంటే ఆ తేడాతోనే ఇంకో మంచి ఆటగాడు తయారవుతాడు. 2022-23లో మెక్‌డేవిడ్ 153, రెండోవాడు వీడి టీమ్‌మేట్ డ్రైసైటిలే, 128, వాళ్ళ తర్వాత 113 దగ్గర పాస్ట్రనాక్, కుచెరోవ్. 2020-21లో ఇంకా పెద్ద తేడా, 56 మ్యాచ్‌ల్లో 105, డ్రైసైటిల్ 84, వీళ్ళిద్దర్నీ పక్కన పెడితే మార్షాండ్ 69. కాకపోతే అది కోవిడ్ సీజన్, కెనడా టీమ్‌లు ఏడూ వాళ్ళలో వాళ్ళే తిప్పి తిప్పి ఆడుకున్నారు, అందుకని దానికి నేను పూర్తి మార్కులు వెయ్యను. అదే మెక్‌డేవిడ్ కన్నా ముందొచ్చిన సెంటర్ క్రాస్బీ 2006-07లో 120 కొడితే రెండోవాడు థార్న్‌టన్ 114, పక్కపక్కనే ఉన్నారు. 2013-14లో 104 మీద గెట్జ్‌లాఫ్ 87, అది బానే ఉంది. ఈ లెక్కన గ్రెట్స్కీని ముట్టుకునేవాడు లేడు, మెక్‌డేవిడ్ క్రాస్బీ కన్నా స్పష్టంగా పైన.

ఇప్పుడు లెమ్యూ. బావతో అసలు గొడవ ఇక్కడే.

బావ అనేదేంటంటే "లెమ్యూ కూడా ఆ గోల్స్ కాలంవాడేరా, 1988-89లో 199 కొట్టాడంటే ఆ రోజులు అలాంటివి, ఇప్పుడైతే అందులో సగం". వినడానికి బానే ఉంటది. కానీ లెమ్యూ ఒక్క కాలంలో ఆడి ఊరుకోలేదు కదా, అదే బావ మర్చిపోతాడు. 1997లో రిటైరైపోయాడు, మూడేళ్ళు పైగా ఇంట్లో ఉన్నాడు, ఈలోగా టీమ్ దివాలా తీస్తే దానికి ఓనర్ కూడా అయ్యాడు, 2000 డిసెంబర్‌లో మళ్ళీ స్కేట్లు కట్టుకుని దిగాడు, అప్పటికి వయసు 35, నడుం ఆపరేషన్లు అయినవాడు. అప్పటికి ఆట మొత్తం బిగుసుకుపోయింది, డిఫెండర్లు కర్రలతో లాగి పట్టుకున్నా రిఫరీలు చూసీచూడనట్టు వదిలేసే రోజులవి. అందులో 43 మ్యాచ్‌లాడి 76 పాయింట్లు కొట్టాడు. భాగించుకోండి, మ్యాచ్‌కి దాదాపు 1.77. మెక్‌డేవిడ్ కెరీర్‌లో బెస్ట్ సీజన్ తీసుకున్నా, 82 మ్యాచ్‌లకి 153, అంటే 1.87. ఇరవై ఆరేళ్ళవాడి బెస్ట్, ముప్ఫై ఐదేళ్ళ నడుంనొప్పివాడి సగం సీజన్‌కి పక్కనే నిలబడుతోంది. దీనికి బావ దగ్గర జవాబు లేదు, "నెట్‌వర్క్ సరిగ్గా లేదురా" అంటాడు.

1992-93 సంగతి కూడా చెప్పాలి. సీజన్ మధ్యలో హాడ్జ్‌కిన్స్ క్యాన్సర్ అని తేలింది, రేడియేషన్ చేయించుకున్నాడు, ఆఖరి రేడియేషన్ అయిన రోజు సాయంత్రమే ఫిలడెల్ఫియాలో మ్యాచ్ ఆడి ఒక గోల్, ఒక అసిస్ట్. ఆ సీజన్‌లో 60 మ్యాచ్‌లే ఆడాడు, 160 పాయింట్లు. 84 మ్యాచ్‌లు ఆడిన లఫాంటెన్ 148 దగ్గర ఆగాడు. నేను పెట్టుకున్న రెండోవాడి లెక్క ఇక్కడ పనికిరాదు, వాడు ఇరవై నాలుగు మ్యాచ్‌లు ఎక్కువాడి కూడా వెనకే ఉన్నాడు మరి. కెరీర్ మొత్తం చూసినా 915 మ్యాచ్‌లకి 1723. కాబట్టి రెండో కుర్చీ ఖాళీ లేదు.

మూడో ప్లేస్ మాత్రం నిజంగా పోటీ. మా స్కూల్లో పనిచేసి రిటైరైన డ్రిల్ మాస్టారు ఒకాయన ఉన్నారు, కుర్రతనంలో హాఫ్‌బ్యాక్ ఆడినాయన, ఇప్పటికీ సాయంత్రం పిల్లలకి స్టిక్ పట్టుకోవడం నేర్పుతారు. ఆయనకి ఒకసారి మెక్‌డేవిడ్ గోల్స్ ఫోన్‌లో చూపించా, మొత్తం రింక్ దాటుకుంటూ నలుగుర్ని తప్పించి కొట్టేవి. కాసేపు చూసి "వేగం బావుంది బాబూ, మరి బంతి పోతే వెనక్కొస్తాడా వీడు?" అన్నారు. పక్ అనలేదు, బంతి అన్నారు. కానీ ప్రశ్న మాత్రం సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది, ఎందుకంటే క్రాస్బీని పైన పెట్టేవాళ్ళందరి వాదనా అదే.

క్రాస్బీ పూర్తి సెంటర్. గోడ దగ్గర మూల్లో పక్ పట్టుకుంటే ఇద్దరు మీదపడినా వదలడు, వెనక్కి దిగుతాడు, ఫేస్ఆఫ్‌లు నెగ్గుతాడు. మెక్‌డేవిడ్ మొదటి సీజన్లలో ఫేస్ఆఫ్‌ల్లో బాగా వీకు, డిఫెన్స్ కూడా తర్వాత తర్వాత నేర్చుకున్నదే. పైగా క్రాస్బీకి మూడు స్టాన్లీ కప్‌లు (లీగ్ గెలిచిన టీమ్‌కి ఇచ్చే కప్), 2009, 2016, 2017, ఆఖరి రెండింట్లో ప్లేఆఫ్స్‌లో, అంటే కప్ కోసం ఆడే ఆఖరి రౌండ్లలో, బెస్ట్ ప్లేయర్ కూడా వాడే, 2010 ఒలింపిక్స్ ఫైనల్లో ఓవర్‌టైమ్ గోల్. ఇరవై సీజన్లు వరసగా మ్యాచ్‌కి ఒక పాయింట్‌కి తగ్గకుండా ఆడాడు, అందులో గ్రెట్స్కీని కూడా దాటేశాడు. ఇంత ఉన్నా నేను మెక్‌డేవిడ్‌నే ఎందుకు పైన పెడుతున్నా అంటే, క్రాస్బీ తన కాలంలో అందరికన్నా బెస్ట్, మెక్‌డేవిడ్ తన కాలాన్నే మార్చేశాడు. వాడు పక్‌తో పరిగెడుతూ కాళ్ళు అడ్డంగా దాటించుకుంటూ మలుపుల్లో స్పీడ్ పెంచుకుంటాడు, మామూలుగా మలుపులో ఎవడికైనా స్పీడ్ తగ్గుద్ది. ఆల్‌స్టార్‌లో ఫాస్టెస్ట్ స్కేటర్ పోటీ 2017, 2018, 2019 వరసగా వాడే గెలిచాడు. డిఫెండర్ వాణ్ణి చూడగానే ముందే వెనక్కి జారుకుంటాడు, దాంతో మిగతా నలుగురికీ చోటు దొరుకుద్ది, ఈ చోటు అసిస్టుల లెక్కలో కూడా పూర్తిగా కనపడదు. 2023-24లో వంద అసిస్టులు కొట్టాడు, అంతకు ముందు గ్రెట్స్కీ, లెమ్యూ, బాబీ ఆర్ తప్ప ఎవరూ కొట్టలేదు, అదే సీజన్‌లో కుచెరోవ్ కూడా అందుకున్నాడనుకోండి. వెయ్యి పాయింట్లకి 659 మ్యాచ్‌లు పట్టాయి, వాడికన్నా త్వరగా చేరినవాళ్ళు చరిత్రలో ముగ్గురే.

ఇవన్నీ 2019 ఏప్రిల్లో గోల్‌పోస్ట్‌కి కొట్టుకుని మోకాలి లిగమెంట్ చిరిగాక కూడా. ఆపరేషన్ వద్దనుకుని నెలల తరబడి వ్యాయామాలతోనే తిరిగొచ్చి తర్వాతి సీజన్ 64 మ్యాచ్‌ల్లో 97 కొట్టాడు.

ఇక మిగిలింది కప్. అవును, కప్ లేదు. ఫైనల్ అంటే ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళదే కప్. 2024 ఫైనల్లో ఫ్లోరిడా మీద 0-3 వెనకబడి, నాలుగో మ్యాచ్‌లో నాలుగు పాయింట్లు, ఐదో దాంట్లో మళ్ళీ నాలుగు, సిరీస్ ఏడో మ్యాచ్‌దాకా లాక్కొచ్చి ఆ మ్యాచ్‌లో 2-1తో ఓడిపోయారు. ఆ ప్లేఆఫ్స్‌లో వాడివి 42 పాయింట్లు, 34 అసిస్టులు, అసిస్టుల్లో గ్రెట్స్కీ రికార్డు పోయింది. ఓడిన టీమ్‌వాడైనా ప్లేఆఫ్స్ బెస్ట్ ప్లేయర్‌కిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ వాడికే ఇచ్చారు, తీసుకోడానికి బయటికి రాలేదు. 2025లో మళ్ళీ అదే ఫ్లోరిడా, ఈసారి ఆరు మ్యాచ్‌ల్లో అయిపోయింది.

కప్‌లే కొలమానమైతే గ్రెట్స్కీ పాత టీమ్‌మేట్ మెస్సియేకి ఆరు, గ్రెట్స్కీకి నాలుగు, మరి మెస్సియే పెద్దోడని ఎవడైనా అంటాడా? గ్రెట్స్కీని ఎడ్మంటన్ 1988లో లాస్ ఏంజిలెస్‌కి అమ్మేశాక వాడు ఇంకో కప్ గెలవలేదు, వాడు లేని ఎడ్మంటన్ 1990లో గెలిచింది. పాతకాలం సెంటర్ బెలివోకి ఆటగాడిగా పది కప్‌లు, కానీ ఆయన ఆడిన కాలంలో ఎక్కువ భాగం లీగ్‌లో ఉన్నవే ఆరు టీమ్‌లు. ఇటు చూస్తే మార్సెల్ డియోన్, 1771 పాయింట్లు, కప్ ఫైనల్ మొహం కూడా చూడలేదు, పాపం టాప్ టెన్ లిస్టుల్లో చాలామంది ఆయన్ని మర్చిపోతారు. సెంటర్ ఎంత గొప్పోడైనా అరవై నిమిషాల్లో వాడు ఐస్ మీద ఉండేది ఇరవై రెండు నిమిషాలు, మిగతా ముప్ఫై ఎనిమిది నిమిషాలు బెంచీ మీద నీళ్ళు తాగుతూ చూడాల్సిందే, గోలీ వదిలేస్తే వాడేం చేస్తాడు.

కప్ అసలు పట్టించుకోవద్దు అనట్లేదు, క్రాస్బీకీ వీడికీ మధ్య తేడా నా లిస్టులో అంత సన్నగా ఉండటానికి కారణం అదే. వచ్చే రెండు మూడేళ్ళలో తేలిపోద్ది, 2025 అక్టోబర్‌లో వాడు ఎడ్మంటన్‌తో రెండేళ్ళకే కొత్త కాంట్రాక్ట్ రాసుకున్నాడు, ఏడాదికి 12.5 మిలియన్ డాలర్లు, అడిగితే ఇంకా చాలా ఎక్కువ ఇచ్చేవాళ్ళు, ఆ మిగిలిన డబ్బుతో మంచి టీమ్ కట్టండి అని మేనేజ్‌మెంట్‌కి చెప్పినట్టే. కప్ కొడితే క్రాస్బీ వాదన మూసేస్తా. లెమ్యూ దగ్గర మాత్రం బావా, రెండు కప్‌లు కొట్టినా నేను కదలను, ముందు నువ్వు ఆ 43 మ్యాచ్‌ల 76 పాయింట్లకి సమాధానం చెప్పు.