తొమ్మిదో ప్రశ్న

మహమ్మారి రెండో ఏడాదిలో మా విభాగంలోని అధ్యాపకులందరికీ ఒక లింకు వచ్చింది. విద్యార్థుల మానసిక స్థితిపై సర్వే జరుగుతోందని, దాన్ని మా మా తరగతులకు పంపి వీలైనంత ఎక్కువమంది చేత పూర్తి చేయించాలని అందులో కోరారు. పంపేముందు ఒకసారి చూద్దామని తెరిచాను. పీహెచ్‌క్యూ-9 అని, డిప్రెషన్ లక్షణాలను అంచనా వేయడానికి వైద్యులు వాడే చిన్న ప్రశ్నావళి అది. గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతిగా పట్టడం, అలసట, తన మీద తనకే చిన్నచూపు, చదివేదాని మీద మనసు నిలవకపోవడం వంటివి ఎంత తరచుగా కలిగాయో తొమ్మిది ప్రశ్నల్లో అడుగుతుంది. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 దాకా, మొత్తం 27. కూడితే 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుణ్ణి కలవడం మంచిదని సాధారణంగా చెబుతారు, అయితే అది రోగనిర్ధారణ కాదు. ప్రశ్నలు అర్థమయ్యేలా ఉన్నాయో లేదో పరిశీలిస్తున్నానన్న నెపంతో నేనే నింపడం మొదలుపెట్టాను. కూడి చూసుకుంటే 13 వచ్చింది. ఆపైన ‘మీరు ఏ సంవత్సరం చదువుతున్నారు?’ అన్న గడి దగ్గర ఫారం ఆగిపోయింది. ఏదో ఒక సంవత్సరం ఎంచుకుంటే తప్ప అది కదలదు. మూసేసి, లింకును తరగతికి పంపించాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. ఆ తరువాత కొద్ది వారాల్లోనే ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువు తరగతి గదికి దూరమైందని యునెస్కో లెక్క కట్టింది. తరగతులు అంత తక్కువ వ్యవధిలో ఆన్‌లైన్‌కు మారడం సాంకేతికంగా ఎంత గొప్ప విషయమో అప్పట్లో చాలామంది రాశారు. నాకు మాత్రం గుర్తున్నది అరవై నల్లని గడులు, వాటి మీద తెల్లని అక్షరాల్లో పేర్లు.

వీడియో సమావేశాల అలసట గురించి స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో నాలుగు కారణాలు చెప్పాడు. అతి దగ్గర నుంచి ఎడతెగకుండా చూసే కళ్ళు, రోజంతా తన ముఖం తనకే కనిపించడం, కదలకుండా కూర్చోవడం, మాటకు తోడుండే సైగలను పట్టుకోవడానికి మెదడు పడే అదనపు శ్రమ. ఇవి ఉద్యోగుల సమావేశాలకు బాగా సరిపోతాయి. తరగతిలో మేము పడ్డ అవస్థ దీనికి దాదాపు తలకిందులు. మమ్మల్ని చూసే కళ్ళు ఎక్కువై కాదు, అసలు లేక అలసిపోయాం. పాఠం చెప్పేవాడు పాతికేళ్ళలో నేర్చుకున్న నేర్పులో సగం ముఖాలు చదవడమే. మూడో వరుసలో ఎవరి కనుబొమలు ముడిపడ్డాయో చూసి అదే వాక్యాన్ని ఇంకోలా చెబుతాం, ఎవరో నవ్వితే ముందుకు సాగుతాం. ఆ ఆధారం పోయాక ప్రతి వాక్యమూ నూతిలోకి వేసిన రాయే అయింది, అదీ చప్పుడు వినిపించని రాయి.

కెమెరాలు ఎందుకు తెరవరని మొదట్లో కోపం వచ్చిన మాట నిజం. ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో చదువుకునే ఇళ్ళుంటాయని, వెనక గోడను పదిమందికి చూపించడం సిగ్గుగా ఉండవచ్చని, డేటా చాలదని, రెండు రోజులుగా పక్క మీద నుంచి లేవనివాళ్ళూ ఆ గడుల వెనక ఉండవచ్చని తట్టడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. వాళ్ళు పోగొట్టుకున్నదీ అదే ముఖాల భాష. పాఠం అర్థం కానప్పుడు పక్కవాడి ముఖం కూడా తెల్లబోయి ఉంటే ధైర్యం వస్తుంది. నల్లని గడిలో అది తెలియదు కనుక, అందరికీ అర్థమవుతోంది, నేనొక్కణ్ణే వెనకబడ్డాను అని అరవైమందీ విడివిడిగా అనుకున్నారు. ఇల్లు వదిలి సొంత బతుకు మొదలుపెట్టవలసిన వయసులో వాళ్ళు చిన్ననాటి గదులకు తిరిగి వెళ్ళారు. జీవితంలో ఎదురయ్యే మానసిక రుగ్మతల్లో అధిక భాగం ఇరవై అయిదేళ్ళలోపే మొదలవుతాయని మానసిక వైద్యులు మహమ్మారికి ముందు నుంచే చెబుతున్నారు. రీసెర్చ్ స్కాలర్ల పరిస్థితి మరో రకం. ప్రయోగశాలలు మూతబడినా గడువు తేదీలు నడుస్తూనే ఉన్నాయి.

అధ్యాపకుల బాధకు పెట్టిన పేరు బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దాన్ని జబ్బుగా కాక, పనిచోట అదుపు చేయని ఒత్తిడి నుంచి పుట్టే పరిస్థితిగా వివరించారు. శక్తి హరించుకుపోవడం, పని నుంచి మనసు దూరం కావడం, చేతగానితనపు భావన అనేవి దాని మూడు లక్షణాలు. మొదటిదాన్ని అందరూ ఒప్పుకుంటారు, ఎందుకంటే అలసట గౌరవప్రదమైనది. నన్ను భయపెట్టింది రెండోది. హాజరు తీసుకుంటూ ఒకరోజు, చదువుతున్న పేర్లలో ఒక్కదానికీ ముఖం ఊహించుకోవడం లేదని గమనించాను. జబ్బుకూ పనిచోటి ఒత్తిడికీ మధ్య ఈ తేడా మాటల పట్టింపు కాదు. డిప్రెషన్‌కు చికిత్స కావాలి, బర్నౌట్‌కు ముందు పనిభారం మారాలి. మాకు అందిన సాయం మాత్రం ధ్యానం మీద గంటసేపటి వెబినార్, అదీ రోజంతా చూసిన తెర మీదే, హాజరు తప్పనిసరి.

సర్వేల సంగతికి వస్తాను. మహమ్మారి మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్‌ల వ్యాప్తి ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగిందని, యువతా మహిళలూ ఎక్కువగా దెబ్బతిన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. దీన్ని ‘నూటికి పాతికమందికి డిప్రెషన్’ అని అర్థం చేసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఉన్నదానిలో నాలుగోవంతు పెరగడం వేరు, మొత్తం జనంలో నాలుగోవంతు కావడం వేరు. ఇక మా లింకు వంటి సర్వేలకు రెండు లోపాలుండేవి. మహమ్మారికి ముందు అదే విద్యార్థుల్ని ఎవరూ అడిగి ఉండరు కనుక పోల్చడానికి ఏమీ లేదు. నెట్టు సరిగా లేనివాళ్ళు, లేచి ఫోను పట్టుకునే ఓపికైనా లేనివాళ్ళు జవాబివ్వరు కనుక, అందరికంటే ఎక్కువ బాధలో ఉన్నవాళ్ళే లెక్కలోంచి జారిపోయే ప్రమాదం ఉంది.

ఆ సర్వే నడిపిన సహోద్యోగిని ఒక రాత్రి నాకు ఫోన్ చేసింది. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండుననో తనకు తానే హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని అడుగుతుంది. దానికి నలుగురు ‘దాదాపు ప్రతిరోజూ’ అని రాశారు. నిజాయితీగా చెబుతారన్న ఉద్దేశంతో పేర్లు అడగలేదు, ఇప్పుడు ఆ నలుగురూ ఎవరో తెలిసే దారి లేదు. “అడక్కుండా ఉండాల్సింది” అందామె. నేను కాదన్నాను. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంది గానీ, పరిశోధనల్లో దానికి ఆధారం దొరకలేదు. విన్న తరువాత చేరుకునే దారి ముందుగా వేసుకోకపోవడమే తప్పు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తరగతులన్నిటికీ ఒక ఉత్తరం రాశాం. ఎవరని అడగం, ఏమైందనీ అడగం, ఈ నంబరుకు ఏ వేళనైనా చేయవచ్చు, ప్రాణాపాయం అనిపిస్తే ఒంటరిగా ఉండకుండా దగ్గరివాళ్ళను పిలవండి అని. ఆ నలుగురికీ అది చేరిందో లేదో మాకు ఎప్పటికీ తెలియదు.

అప్పటినుంచి పాఠం అయ్యాక పావుగంట లైనులోనే ఉండడం అలవాటు చేసుకున్నాను. మొదటి వారం అందరూ వెళ్ళిపోయారు. రెండో వారం నుంచి ఒక గడి మిగిలిపోయేది, మాట మాత్రం ఉండేది కాదు. నేను జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఉండేదాన్ని. అయిదోసారో ఆరోసారో “ఉన్నావా అమ్మా?” అన్నాను.

“ఉన్నాను మేడమ్.” చాలాసేపటి తరువాత, “మీరు ఎలా ఉన్నారు మేడమ్?”

బాగానే ఉన్నానని నోటి చివరిదాకా వచ్చింది. కొన్నాళ్ళుగా సరిగా నిద్ర పట్టడం లేదని చెప్పాను. అవతల నుంచి “నాకూ అంతే” అని వచ్చింది. ఆ పావుగంట గంటన్నర అయింది. ఆ అమ్మాయి చెప్పినవి ఇక్కడ రాయను. చివర కౌన్సెలర్‌ను కలవమని నేను అంటే, “మీరు కలిశారా?” అని అడిగింది.

మర్నాడు, మా ఉత్తరంలో ఇచ్చిన ఆ కౌన్సెలింగ్ నంబరుకు నేనే ఫోన్ చేశాను. అవతలి గొంతు ఎంతో మృదువుగా పలకరించి, వివరాలు రాసుకోవడానికి మొదటి ప్రశ్న అడిగింది. “ఏ సంవత్సరం చదువుతున్నారమ్మా?”