ముందు మెకానిక్, తర్వాతే వాచీ

"అక్కా, కీ ఇచ్చే వాచీలు కొందామనుకుంటున్నా. ఏ బ్రాండుతో మొదలుపెట్టమంటావు?" అని మా ఆఫీసు పిల్లలు అడిగినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "మీ ఇంటి దగ్గర వాచీ విప్పే మనిషి ఎవరున్నారు?" అని. బ్యాటరీ మార్చే మనిషి సంగతి కాదు. బ్యాటరీలు, బెల్టులు మార్చేవాళ్ళు బెంగళూరులో వీధికి ఇద్దరుంటారు. వెనక మూత తీసి, చక్రాలన్నీ విడదీసి, కడిగి, నూనె వేసి, మళ్ళీ బిగించి నడిపించగలిగే మనిషి కావాలి. ఆ మనిషి దొరికాక ఏ వాచీ కొన్నా ఫరవాలేదు. దొరక్కపోతే ఎంత పెట్టి కొన్నా రెండు మూడేళ్ళకు అది డ్రాయర్లో పాత చార్జర్ల పక్కన చేరుతుంది.

నేను పీణ్యలో ఒక చిన్న మెషిన్ షాపులో అకౌంట్స్ చూస్తాను. ఊరు మదనపల్లె, ఉండేది మత్తికెరె. ఈ పిచ్చి నాకు షాపులోనే అంటుకుంది. మా దగ్గర లేతు మీద పనిచేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. పొద్దున టీ గ్లాసు అందుకునే ముందు చేతి వాచీ విప్పి, కీ ఇచ్చి, మళ్ళీ పెట్టుకుంటారు. నల్ల డయల్, తెల్ల అంకెలు, హెచ్‌ఎమ్‌టీ వాళ్ళ పైలట్ మోడల్. ఇనప ముక్కల్ని నున్నగా అరగదీసే సర్ఫేస్ గ్రైండర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే మాత్రం దాన్ని తీసి నా టేబుల్ మీద పెట్టి వెళ్తారు. గ్రైండర్ మీద ఇనప ముక్కను పట్టి ఉంచేది అయస్కాంతం. అది వాచీ లోపల వెంట్రుకంత సన్నగా చుట్టి ఉండే హెయిర్ స్ప్రింగుకు సోకితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, స్ప్రింగు పొట్టిదైనట్టయి, వాచీ పరుగు అందుకుంటుంది. నిన్నటిదాకా బాగా నడిచిన వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. గ్రైండరే అక్కర్లేదు, బ్లూటూత్ స్పీకరు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు చాలు. భయపడాల్సిన పని లేదు. మెకానిక్ దగ్గర అయస్కాంతం పోగొట్టే చిన్న పెట్టె ఉంటుంది, నిమిషంలో సరిచేస్తాడు. చూశారా, మళ్ళీ మెకానిక్ దగ్గరికే వచ్చాం.

టైము కచ్చితంగా తెలియడమే ముఖ్యమైతే మాత్రం వీటి జోలికి రాకండి. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పెద్దాయనను చూసి నేనూ కొనుక్కున్న పైలట్‌లో అటూ ఇటూ ఊగే చక్రం, అంటే బాలెన్స్ వీల్, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. రెంటికీ పోటీయే లేదు. నాది రోజుకు ఇరవై సెకన్లు ముందుకు పోతుంది. కానీ నేను లెక్కల మనిషిని కదా, ఒకరోజు కూర్చుని కట్టాను. రోజుకు 86,400 సెకన్లు. అందులో ఇరవై అంటే లక్ష రూపాయల ఖాతాలో ఇరవై మూడు రూపాయలు తేడా వచ్చినట్టు. ఏ ఆడిటరూ దానికి మొహం చిట్లించడు. బ్యాటరీ లేదు, చిప్ లేదు, ఒక చుట్టిన స్ప్రింగూ కొన్ని పళ్ళ చక్రాలూ కలిసి అంత దగ్గరగా వస్తున్నాయంటే నాకు అదే గొప్ప.

ఇక మా మెకానిక్ గురించి. చిక్‌పేట మెట్రోలో దిగి అవెన్యూ రోడ్డు వైపు నడిస్తే, పుస్తకాల కొట్లు దాటాక ఒక సందులో మెట్ల కింద ఆయన బల్ల ఉంటుంది. బల్ల మీద అద్దాల పెట్టె, పైన ఒక లైటు, అంతే షాపు. బోర్డు లేదు. కోలారు పక్క మనిషి. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి వెళ్ళి, ధర చెప్పేటప్పుడు మళ్ళీ తెలుగులోకి వస్తాడు. నన్ను "ఏం పాపా" అంటాడు. నాకు నలభై రెండేళ్ళు.

మొదటిసారి పైలట్ ఇచ్చినప్పుడు ఆయన దాన్ని చూడలేదు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, వాచీని బోర్లించి మళ్ళీ విన్నాడు. తర్వాత కీ కిందికి వచ్చేలా నిలబెట్టి విన్నాడు. ఎందుకని అడిగితే "పడుకున్నప్పుడు ఒక తీరు, నిలబడినప్పుడు ఒక తీరు నడుస్తుంది" అన్నాడు. భూమ్యాకర్షణ వల్ల బాలెన్స్ వీల్ మీద భారం ఒక్కో భంగిమలో ఒక్కోలా పడుతుంది. అందుకే రాత్రి వాచీని డయల్ పైకి పెడితే ఒక లెక్క, పక్కకు నిలబెడితే ఇంకో లెక్క. పగలు కొంచెం ముందుకు పోయే వాచీని రాత్రి సరైన భంగిమలో పెట్టి కొంత సరిచేసుకోవచ్చు కూడా. 

మూత తీశాక నన్ను దగ్గరికి రమ్మని కంటికి పెట్టుకునే భూతద్దం ఇచ్చాడు. బంగారు రంగు చక్రం అటూ ఇటూ ఊగుతోంది. దాని మధ్యలో వెంట్రుకంత స్ప్రింగు ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంది. అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. డయల్ మీద రాసే 17 జ్యువెల్స్ ఇవే. కృత్రిమ కెంపులు, చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వీటిలో తిరుగుతాయి. వీటికి నగల దుకాణం విలువేమీ ఉండదు, కాబట్టి జ్యువెల్స్ ఎక్కువంటే వాచీ ఖరీదైనదని అనుకోవద్దు. ఆయన సూది లాంటి పుల్ల కొసన కంటికి ఆనీ ఆననంత నూనె తీసుకుని ఒక్కో కెంపు మీద తాకించాడు. "నూనె తక్కువైతే అరుగుద్ది, ఎక్కువైతే పారిపోయి జిడ్డు పట్టుద్ది. రెండోదే చేటు" అన్నాడు.

సర్వీసింగ్ అంటే ఇదీ. పది నిమిషాలు ఆగండి మేడమ్, ఇచ్చేస్తా అన్నవాళ్ళ దగ్గర వాచీ పెట్టకండి. విడదీయకుండా మొత్తం మిషన్‌ని పెట్రోల్లో ముంచి, ఊది, ఆరబెట్టి చేతిలో పెట్టేవాళ్ళు ఉన్నారు. వారం పది రోజులు ఉంచుకుంటాను, బిగించాక నాలుగు రోజులు నడిపి చూసి ఇస్తాను అనేవాడే మన మనిషి. నాలుగైదేళ్ళకొకసారి ఈ పని చేయించాలి. దానికయ్యే డబ్బును కొనే రోజే ధరలో కలుపుకోండి. పాత హెచ్‌ఎమ్‌టీ విషయంలో సర్వీసింగ్ ఖర్చు వాచీ ధరలో సగం దాకా పోవచ్చు. అది నష్టం కాదు, లెక్కే అంత.

మా ఆఫీసులో డిజైన్ చూసే కుర్రాడు ఆన్‌లైన్‌లో ఒక పైలట్ తెప్పించుకున్నాడు. నెమలికంఠం రంగు డయల్, తళతళలాడే ముళ్ళు. మురిసిపోతూ నాతోపాటు అవెన్యూ రోడ్డుకు వచ్చాడు. మెకానిక్ భూతద్దంలోంచి చూసి నవ్వేశాడు. అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి, నిమిషాల గీతలు అంకెలకు ఒక పక్కగా జరిగి ఉన్నాయి, లోపలి స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నాయి. "డయలు ఒక తల్లి బిడ్డ, ముళ్ళు ఇంకో తల్లి బిడ్డలు, మూత ఎవురి బిడ్డో తెలీదు" అన్నాడు. పాత డయల్‌కు కొత్త రంగు వేసి, దొరికిన పార్టులన్నీ ఒకచోట చేర్చి అమ్మడం పాత వాచీల బజారులో మామూలే. కుర్రాడి మొహం వాడిపోయింది. కానీ లోపలి మిషన్ అసలు హెచ్‌ఎమ్‌టీదే, నూనె వేశాక చక్కగా నడుస్తోంది, వాడు రోజూ పెట్టుకుంటున్నాడు. రంగు నచ్చి తెలిసి కొంటే తప్పేముంది? పాత అసలు డయల్ అని చెప్పి దానికి తగ్గ ధర గుంజితేనే గొడవ. కొద్దిగా మాసిన, అంచుల్లో పసుపు తిరిగిన డయల్‌ను చూసి మొహం తిప్పుకోకండి, చాలాసార్లు నిజాయితీ ఉన్న వాచీ అదే.

ఆడవాళ్ళకు ఒక మాట. షోరూముకు వెళ్ళి మెకానికల్ వాచీ చూపించమంటే నాకు చూపించేవి రాళ్ళు పొదిగిన క్వార్ట్జ్ వాచీలే. "సార్‌కా మేడమ్?" అని అడుగుతారు. పాతకాలం లేడీస్ కీ వాచీలు ఉన్నాయి కానీ, అవి మరీ చిన్నవి. మిషన్ ఎంత చిన్నదైతే రిపేరు అంత కష్టం, పార్టులు దొరకడం ఇంకా కష్టం. మా మెకానిక్ వాటిని చూస్తేనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. అందుకని నాలాంటి సన్నని చేతులకు మగవాళ్ళ పాత వాచీలే దారి. హెచ్‌ఎమ్‌టీలో పైలట్, జనతా మోడల్స్ రెండూ 35 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు, దానికన్నా ఓ వేలి గోరంత వెడల్పు, అంతే. జపాన్ కంపెనీ సీకో వాళ్ళ ఆటోమేటిక్ వాచీ, సీకో 5 స్పోర్ట్స్ కొందామని చూస్తే 42.5 మిల్లీమీటర్ల మోడల్ నా మణికట్టును మింగేసింది. తర్వాత 38 మిల్లీమీటర్లలో కూడా తెచ్చారు, నా మూడో వాచీ అదే కావచ్చు. కొనేముందు ఆ సైజులో కాగితం గుండ్రంగా కత్తిరించి చేతి మీద పెట్టుకుని అద్దంలో చూసుకోండి. వెబ్‌సైటులో ఫోటోలు చూస్తే ఏ సైజూ అర్థం కాదు.

కీ వాచీనా, ఆటోమేటిక్కా అంటే, మొదటిది కీ వాచీయే అని నా పక్షపాతం. ఆటోమేటిక్‌లో చేయి కదిలితే రోటర్ అనే లోపలి బరువు బిళ్ళ తిరిగి స్ప్రింగు అదే చుట్టుకుంటుంది, హాయిగానే ఉంటుంది. కానీ ఆ సీకో 5 స్పోర్ట్స్‌లో ఉండే 4ఆర్36 మిషన్ పూర్తిగా చుట్టుకుని ఉన్నా నడిచేది దాదాపు 41 గంటలు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు ఆగిపోతుంది. సోమవారం ఆఫీసు హడావుడిలో టైము, తేదీ, వారం మూడూ సరిచేయాలి. పైగా రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా తేదీ మార్చే జోలికి వెళ్ళకూడదు, అప్పటికే లోపలి చక్రం తేదీని తిప్పే పనిలో ఉంటుంది, పళ్ళు విరగొచ్చు. పైలట్‌కు తేదీయే లేదు, తలనొప్పి లేదు. పొద్దున చేతి నుంచి విప్పి, నెమ్మదిగా తిప్పి, ఇక చాలని అదే గట్టిపడ్డాక వదిలేస్తే సరి. చేతికి ఉండగానే తిప్పితే కీ పుల్ల పక్కకు వంగుతుంది, అందుకని విప్పడం.

అయినా నేను హెచ్‌ఎమ్‌టీ అని ఇంత పట్టుబట్టడానికి కారణం ఊరు. 1953లో మొదలైన ఈ కంపెనీ, 1961లో జపాన్ సిటిజన్‌తో కలిసి బెంగళూరులోనే వాచీలు చేయడం మొదలుపెట్టింది. మొదటి వాచీలను విడుదల చేసింది నెహ్రూ. తర్వాత తుమకూరులో ఇంకో ఫ్యాక్టరీ. 1984లో టైటాన్ వచ్చి హోసూరులో క్వార్ట్జ్ వాచీలు చేయడంతో గాలి మారిపోయింది, 2016లో హెచ్‌ఎమ్‌టీ వాచెస్‌ను మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు జాలహళ్ళిలో హెచ్‌ఎమ్‌టీ హెరిటేజ్ సెంటర్ ఉంది. కొనే ఉద్దేశం లేకపోయినా వెళ్ళి, అసలు డయల్స్ ఎలా ఉండేవో కళ్ళారా చూసి రండి. నకిలీని పట్టుకోవడానికి అంతకన్నా మంచి చదువు లేదు. ఇక ఈ ఊళ్ళో ఆ వాచీలు బాగుచేసే చేతులు, పాత పార్టులు ఇంకా మిగిలి ఉన్నాయి. స్విస్ వాచీకి ఆ వెసులుబాటు నాకెక్కడిది?

మా నాన్న దగ్గర ఒక హెచ్‌ఎమ్‌టీ ఉంది. పెళ్ళిలో అలకపాన్పు మీద కూర్చున్నప్పుడు మా తాత చేతికి పెట్టింది. నేనేమీ అలగలేదు, ఆయనే పెట్టాడు అంటాడు నాన్న. మా అమ్మ కథ వేరేగా ఉంటుంది. అది ఆగిపోయి చాలా కాలమైంది, బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టాడు. ఇవ్వు నాన్నా, బాగుచేయించి తెస్తానంటే ససేమిరా. "విప్పితే అసలు పార్టులు తీసేసి చెత్తవి వేస్తారు" అని. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, అలా చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా మెకానిక్ మంచివాడు నాన్నా అని నేను ఎంత చెప్పినా వినలేదు, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. కంటి పరీక్షకు బెంగళూరు వచ్చినప్పుడు తనే వాచీ తెస్తాడట. మూత తీసిన దగ్గర్నుంచి బిగించేదాకా ఎదురుగా కూర్చుంటాడట.

వారం పాటు బల్ల ముందు కూర్చోవాలి మరి, ఎలాగయ్యా అని మెకానిక్‌ను అడిగాను.

"కూర్చోమను పాపా. టీ డబ్బులు మాత్రం ఆయన్నే ఇమ్మను" అన్నాడు.