ఆంప్లిఫయర్ గుయ్‌మంటోందా? ముందు మూత విప్పకండి

ఆంప్లిఫయర్‌లో హమ్ వస్తోందనగానే చాలామంది చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. నేను మాత్రం ముందు వాల్యూమ్ నాబ్ పట్టుకుంటాను. నాబ్ తిప్పుతుంటే గుయ్ కూడా పెరుగుతోందంటే అది చాలావరకు బయటినుంచే వస్తున్నట్టు: ప్లేయరో, టీవీయో, మధ్యలో ఉన్న కేబులో. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, వెనకాల ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకేసినా అదే మోత ఉంటే అప్పుడు ఆంప్లిఫయర్ లోపల అనుమానించాలి. పాత సెట్టయితే పవర్ సప్లైలో ఉండే పెద్ద కెపాసిటర్లు (కరెంటుని నిలవచేసి సమంగా అందించే డబ్బాల్లాంటి భాగాలు) ఎండిపోయి ఉండొచ్చు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ఆ మోత ఎక్కువగా 100 హెర్ట్జ్‌లో, కాస్త గరగరగా వినిపిస్తుంది.

మా పిన్నీవాళ్ల సెట్టు ఇలాగే విసిగించింది. టీవీ కలిపిన దగ్గర్నుంచి గుయ్. సెలెక్టర్‌ని, అంటే ఏ ఇన్‌పుట్ వినాలో ఎంచుకునే నాబ్‌ని, సీడీ మీద పెట్టినా గుయ్యే! దాంతో బాబాయి ఆంప్లిఫయరే పోయిందని తేల్చేశాడు. కానీ చాలా సెట్లలో సెలెక్టర్ మార్చేది ఆర్‌సీఏ పిన్ను (ఆడియో కేబుళ్ల చివర ఉండే గుండ్రటి పిన్ను) మధ్యలో వచ్చే సిగ్నల్‌ని మాత్రమే. చుట్టూ ఉండే రింగు, అంటే గ్రౌండ్, అన్ని ఇన్‌పుట్లకీ ఎప్పుడూ కలిసే ఉంటుంది. టీవీ వెనకాల కేబుల్ కనెక్షన్ వైరు ఊడదీశాను. గుయ్ ఠక్కున ఆగిపోయింది. ఆ వైరులోని లోహపు తొడుగుకి ఎర్త్ ఎక్కడో దూరంగా ఉంది, ఆంప్లిఫయర్‌కేమో గోడ సాకెట్‌లో ఉంది. రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న చిన్నపాటి వోల్టేజి తేడా వల్ల కరెంటు ఆర్‌సీఏ కేబుల్ గుండా తిరుగుతూ స్పీకర్‌లో మోగుతోంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. టీవీనుంచి ఆప్టికల్ కేబుల్ వేసి, చిన్న డీఏసీ (డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే పెట్టె) మీదుగా ఆంప్లిఫయర్‌కి ఇచ్చాం. ఆప్టికల్ కేబుల్‌లో వచ్చేది వెలుతురే కాబట్టి ఎర్త్‌లు కలిసే దారే లేదు.

కొంతమంది మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని చెబుతారు. హమ్ పోతుంది, నిజమే. కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ఆ ఇనప డబ్బా మొత్తానికీ కరెంటు వస్తుంది. దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి.

ఒక పక్క స్పీకర్ మోగకపోతే ఇంకా సులువు. సెట్టు ఆపి, ఇన్‌పుట్ దగ్గర ఎడమ, కుడి కేబుళ్లు అటూ ఇటూ మార్చండి. మూగతనం రెండో పక్కకి మారితే తప్పు కేబుల్‌దో ప్లేయర్‌దో. మారకపోతే ఆ కేబుళ్లు మళ్లీ ఎప్పటిలా పెట్టేసి, ఈసారి స్పీకర్లని మార్చి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే ఏదీ తేలదు.

రికార్డ్ ప్లేయర్ సంగతి వేరు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగంలో ఎక్కువగా వాడే రకం) ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు, సీడీ ప్లేయరేమో 2 వోల్టుల దాకా ఇస్తుంది. పైగా రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. అందుకే దాన్ని ఆక్స్‌లో, అంటే మామూలు ఇన్‌పుట్‌లో, పెడితే సన్నగా, పీలగా వినిపిస్తుంది. రికార్డ్ ప్లేయర్ కోసమే ఉండే ఫోనో ఇన్‌పుట్ లేకపోతే, ఆ సిగ్నల్‌ని పెంచి సరిచేసే ఫోనో ప్రీఆంప్ పెట్టుకోవాల్సిందే. రికార్డ్ ప్లేయర్‌తోపాటు వచ్చే సన్నటి ఎర్త్ వైరుని వదిలేయకుండా గ్రౌండ్ స్క్రూకి బిగించండి.

పాట వస్తోంది గానీ బేస్ పలచగా ఉందా? ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారై ఉండొచ్చు. ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు ఆంప్లిఫయర్ వైపు ఊడదీసి, ఆ కొసలకి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ ఎరుపు వైరుకి తగిలినప్పుడు రెండు స్పీకర్లలోనూ వూఫర్ (బేస్ పలికే పెద్ద కోను) ఒకేవైపు కదలాలి. తిరిగి బిగించేటప్పుడు వైరు కొసలు గట్టిగా మెలిపెట్టండి. ఒక్క రాగిపోగు పక్క టెర్మినల్‌కి తగిలినా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు.