క్రాఫ్టు పీరియడుకు వచ్చిన అమ్మలు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని అడగగానే నాకు మొదట తోచింది క్రాఫ్టు పీరియడు. లెక్కల సారు గురించి, కబడ్డీ జట్టు గురించి, వేపచెట్టు కింది ప్రార్థన గురించి రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళే బాగా రాస్తారు. నాది 1989లో పదో తరగతి రాసిన బ్యాచ్. అప్పుడు టైంటేబుల్లో క్రాఫ్టుకు ఆఖరి గంట. పబ్లిక్ పరీక్షలో దానికి మార్కులు లేవు. కానీ మా ఇండ్లల్లో అమ్మలు పొద్దంతా చేసే పనిని చదువుగా లెక్కపెట్టింది ఆ ఒక్క గంటే.

చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు కనుక మా వైపు నేల గురించి ముందు చెప్పాలి. నల్లగొండ అనగానే బయటివాళ్ళకు సాగర్ కాలువలు, మిర్యాలగూడ రైసుమిల్లులు గుర్తుకొస్తాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ చేన్లు వరి మళ్ళయ్యాయి. మునుగోడు, చండూరు వైపు మా మెట్ట మీదికి ఆ నీళ్ళు ఎక్కలేదు. జొన్న, కంది, పెసర, ఆముదం. వాన పడితే పంట, లేకపోతే పట్నం బస్సు. బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు. ఆ ఉప్పునీళ్ళతో కందిపప్పు ఎంతకూ ఉడకదని, పప్పు వండే రోజు అమ్మ దూరపు బావి నుంచి ఒక బిందె మంచినీళ్ళు విడిగా తెచ్చి మూతపెట్టేది. వాటిని ఎవ్వరూ ముట్టకూడదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇంట్లో ఒక పూట అన్నం కుదిరింది. రెండో పూట జొన్నరొట్టెనో, జొన్నరవ్వ గట్కనో. జొన్నపిండిలో గోధుమపిండికి ఉన్న జిగురు ఉండదు. చల్లనీళ్ళతో కలిపితే రొట్టె అంచులు పర్రెలు పడతాయి. అందుకే అమ్మ మసిలే నీళ్ళు పిండి నడుమ గుంతలో పోసి, గరిటెతో తిప్పి, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉండగానే అరచేతి మొదలుతో పిసికేది. ముద్దను పీట మీద పెట్టి ఒక చేత్తో కొడుతూ, రెండో చేత్తో అంచు పట్టి తిప్పేది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డ అద్దడం, ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయడం. ఈ రెంటికీ మధ్య ఎంతసేపు ఆగాలో నాకు ఎవరూ నోటితో చెప్పలేదు, చూసే నేర్చుకున్నాను. పక్కన ఎల్లిపాయ కారమో, పుంటికూర (గోంగూర) తొక్కో ఉంటే చాలు. ఎండాకాలం పచ్చిపులుసు. కాల్చిన మిరపకాయను ఉప్పుతో, ఉల్లిగడ్డ ముక్కలతో కలిపి చేత్తోనే నలిపి, చింతపండు రసంలో వేసి, పైన వేయించిన నువ్వుల పొడి చల్లడమే. పులుసును పొయ్యి మీద పెట్టే పనే లేదు. నాకు ఇప్పటికీ దాన్ని మించిన కూర లేదు.

మాది మగ్గాల ఇల్లు. నాయిన మగ్గం మీద, అమ్మ ఆసు ముందు. పోచంపల్లి చీరల పేరు అందరికీ తెలుసు, ఆ చీర వెనక ఆసు ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. అర్ధచంద్రాకారంగా వరుసగా గూటాలు బిగించిన చట్రం అది. ఒక్కో గూటం చుట్టూ నూలుపోగును చేత్తో తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు ఆ చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రాత్రి పడుకునేముందు అమ్మ భుజానికి ఆముదం రాసి వేడిగుడ్డతో కాపడం పెట్టడం నా వంతు పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఇదే బాధ చూడలేక ఏండ్ల తరబడి తిప్పలు పడి ఆసు యంత్రం తయారు చేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన రోజు మా ఇంట్లో మిఠాయి పంచాము. ఆ భుజాల నొప్పి తెలిసిన ప్రతి ఇంటి పండుగ అది.

ఆసు అయ్యాక చిటికి. నూలును చట్రానికి సాగదీసి, బొమ్మ గీసి, రంగు అంటకూడదన్న చోటల్లా గట్టిగా కట్టాలి. కట్టడానికి పాత సైకిలు ట్యూబులు. సైకిలు షాపు నుంచి తెచ్చిన ట్యూబును సన్నని పట్టీలుగా కత్తిరించే పని పిల్లలది. అన్నీ ఒకే వెడల్పు రావాలి, లేకపోతే కట్టు వదులై రంగు లోపలికి పాకుతుంది. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి పెట్టగానే చేసే పని అదే.

పుట్టపాక మాకు దూరం కాదు. నూనెలో నానబెట్టిన నూలుతో అక్కడ నేసే చిటికి బట్ట తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి చేనేత కళాకారులు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ రుమాలు నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. ఆ నూనె వాసన ఉతికినా పోదు. మాకు ఆముదం అంటే ఒక్క పంట కాదు. గింజ అమ్మకానికి, కొంత ఇంట్లో వండుకోవడానికి, ఆకు వాపుల మీద కట్టడానికి, కాయల పొట్టు పొయ్యిలోకి. పొట్టు కాలితే వచ్చిన బూడిద కూడా పారబోసేది కాదన్నమాట. ఆముదం వండే రోజు వాకిట్లోనే పొయ్యి. గింజలు వేయించి, రోట్లో జిగటగా దంచి, పెద్ద కుండెడు నీళ్ళలో మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో నెమ్మదిగా తీసి వేరే గిన్నెలో నీటి చుక్క చప్పుడు ఆగేదాకా మళ్ళీ కాచాలి. చంటిపిల్లల మాడుకు, దీపానికి, బండి ఇరుసుకు అదే నూనె.

ఇవన్నీ ఇంట్లో పనులు. బడిలో వీటి మాట ఎత్తితే నవ్వుతారని మాలో చాలామందికి బెరుకు. ఎనిమిదో తరగతిలో వచ్చిన క్రాఫ్టు టీచరమ్మ ఆ బెరుకు తీసింది. మొదట అందరిలాగే రుమాలు అంచు కుట్టడం, ఊలు పూలు, ప్లాస్టిక్ వైరు బుట్టలు నేర్పింది. దసరా సెలవుల తర్వాత ఒకరోజు, “మీ ఇంట్ల ఏమేం చేస్తరో ఒక్కొక్కరు చెప్పుండ్రి” అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నది. ఎవరి తల్లి బొంతలు కుడుతుందో, ఎవరింట్లో సిబ్బులు, చాటలు అల్లుతారో, ఎవరి అమ్మమ్మ ముంతలకు జాజు (ఎర్రమట్టి రంగు) పెడుతుందో, అన్నీ ఆ బుక్కులో ఎక్కాయి. తర్వాత నెలకొకసారి ఒక తల్లి వచ్చి బడిలో పాఠం చెప్పాలని హెడ్మాస్టరు సారును ఒప్పించింది.

మొదటి పాఠం కాగితపు గంప. పాత క్వార్టర్లీ పరీక్షల జవాబు పేపర్లు స్టోరు రూములో కట్టలు కట్టలుగా పడి ఉండేవి. వాటిని తొట్టిలో నానేసి, మెత్తబడ్డాక పిండి, నానబెట్టిన మెంతులతో కలిపి రోట్లో దంచారు. బోర్లించిన బిందె మీద తడిగుడ్డ కప్పి, దాని మీద ఆ గుజ్జును వేలు మందాన చుట్టూ అద్ది ఎండబెట్టారు. ఎండాక బిందె తీసేస్తే గంప చేతికొచ్చింది. దానికి లోపల బయట పసుపు కలిపిన మెంతి గుజ్జు ఇంకో పూత. మెంతి చేదుకు పురుగు దగ్గరికి రాదు. మన అక్షరాలు, ఎర్రసిరా మార్కులు అన్నీ కలిసిపోయిన ఆ గంపలో మా ఇంట్లో చాలాకాలం కందిపప్పు పోసుకున్నాము.

ఇంకో నెల మా క్లాసు అమ్మాయి తల్లి రంజానుకు ముందు సేవయ్యల (సేమియా) మిషను తెచ్చి బల్లకు బిగించింది. పిల్లలు వంతులవారీగా పిడి తిప్పుతుంటే, ఆమె కింద చేతులు పెట్టి దారాలు తెగకుండా అందుకుని మంచం పట్టెల మీద ఆరేసింది. ఆరోజే మాటల్లో తేలింది, పీర్ల పండుగకు వాళ్ళు చేసేదీ, సద్దుల బతుకమ్మకు మేం చేసేదీ ఒకటే మలీద. రొట్టెలు తుంచి, బెల్లంతో కలిపి, నెయ్యి వేసి పిసికిన ముద్ద.

సంక్రాంతి సెలవులకు ముందు మా అమ్మ వంతు వచ్చింది, పండుగ పిండివంట సకినాలు నేర్పడానికి. బడికి రావడమంటేనే భయపడే మనిషి. అట్లాంటిది పొద్దున్నే తలంటుకుని, తనే ఆసు పోసిన చీర కట్టుకుని, గిర్నిలో పట్టించిన తడి బియ్యప్పిండి డబ్బాతో వరండాలోకి వచ్చింది. టీచరమ్మ లేచి నిలబడి కుర్చీ చూపిస్తే, “కుసుంటే సకినాలు రావమ్మా, కింద చాప వేయుండ్రి” అన్నది. ఆడపిల్లలను, మగపిల్లలను కలిపే కూర్చోబెట్టారు.

పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు, నీళ్ళు, అంతే. కారం వద్దు, వెన్న వద్దు. కొత్త బియ్యమైతే చుట్టు తెగదు. ముందు పిండితో చిన్న గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి పక్కన కూర్చోబెట్టింది. తర్వాత నిమ్మకాయంత ముద్ద అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు చూపుడువేలు మధ్య పిండిని మెలిపెడుతూ, పరిచిన బట్ట మీద గుండ్రంగా దింపింది. నాలుగు చుట్లు, ఎక్కడా సందు లేదు. మా చేతుల్లో పిండి ముక్కలు ముక్కలుగా రాలుతుంటే, “ఏలు ఉరకద్దు బిడ్డా, పిండి నడవాలె” అని ఒక్కొక్కరి వేళ్ళు పట్టుకుని తిప్పించింది. అప్పుడు గమనించాను. పడుగులో పోగు తెగితే నాయిన రెండు కొసలు పట్టుకుని అతికేటప్పుడు తిప్పే తిప్పు, అమ్మ సకినంలో తిప్పే తిప్పు ఒకటే. మగ్గమూ వంటిల్లూ వేరు వేరు పనులని అప్పటిదాకా అనుకున్నదాన్ని.

సకినాలు బట్ట మీద ఎందుకు పోయాలని ఒకడు అడిగాడు. పిండిలోని తడిని నూలుబట్ట పీల్చుకోవాలి. పీల్చుకుంటేనే అవి బట్ట మీద నుంచి విరగకుండా లేస్తాయి, తడి ఎక్కువుంటే కాగే నూనెలో పేలి ముఖాన పడతాయి. అమ్మ చెప్పిన ఈ జవాబును సైన్సు సారు విని, మరుసటి రోజు తన క్లాసులో మళ్ళీ అదే చెప్పి, ఫలానా అమ్మాయి తల్లి చెప్పిందని కూడా అన్నారు. ఆరోజు ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు, ఆసు మీద చెయ్యి మాత్రం కాసేపు ఆగింది.

బొడ్డెమ్మ గురించి కూడా రాయకుండా ఉండలేను. బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, అందరికీ తెలుసు. దానికి ముందు భాద్రపదంలో పెండ్లికాని పిల్లలు ఆడే బొడ్డెమ్మ మెల్లగా తగ్గిపోయింది. పుట్టమన్ను తెచ్చి పీట మీద మెట్లు మెట్లుగా కట్టి, అలికి, జాజుతో ముగ్గులు వేసి, తంగేడు, కట్లపూలు పెట్టి చుట్టూ తిరిగేవాళ్ళం. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేనాటికి మా వాడలో గునుగుపూలకు రంగు కొనేవాళ్ళే లేరు. చిటికి నూలు అద్దగా మిగిలిన రంగునీళ్ళు ఉండేవి. గునుగు కట్టలను అందులో ముంచి తీస్తే చీర అంచు రంగే బతుకమ్మకు వచ్చేది.

పెండ్లయి పాలమూరు వచ్చాను. ఇక్కడ మా అత్తమ్మ ఉగాదికి బచ్చాలు చేస్తే అరచేయి కంటే పెద్దవి, అంచుదాకా పూర్ణం. పాత చీరలు పొరలుగా పరచి ఆమె కుట్టే బొంత కుట్లు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. గద్వాల చీరలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదనే కలిపే నేర్పును నేతింటి బిడ్డగా ఎంతసేపైనా చూస్తూ ఉండగలను. మా అమ్మాయికి చీరలు తెలుసు, ఆసు తెలియదు. సకినాలు తెలుసు, అవి ప్యాకెట్లో వస్తాయి. అది దాని తప్పు కాదు. దాని బడిలో ఈ పనులకు ఒక గంట ఎవరూ కేటాయించలేదు.

అందుకే మన సమ్మేళనం కమిటీకి ఈ సంచిక ద్వారా ఒక విన్నపం. వేదిక, శాలువాలు, ఫొటోలు అన్నీ ఉండనీయండి. మధ్యాహ్నం ఒక గంట మన పాత క్రాఫ్టు గది తెరిపించండి. ఇంకా చేతులు ఆడుతున్న తల్లులను పిలుద్దాం, ఇప్పుడు చదువుతున్న పిల్లలను ముందు వరుసలో కూర్చోబెడదాం. మా అమ్మ వస్తానన్నది. బియ్యం ముందురోజు రాత్రే నానబెట్టాలి, పొద్దున ఏడింటికల్లా గిర్నికి పంపాలి. ఆ పని నాది. స్టోరు రూములో పాత పేపర్లు ఉంటే పడేయకుండా ఉంచమని హెడ్మాస్టరు గారికి చెప్పండి, మెంతులు నేనే తెస్తాను. వచ్చేవాళ్ళు ఇంటికొక పాత పంచెనో చీర ముక్కనో ఉతికి తీసుకురండి. నూలుదే తేవాలి, పాలిస్టరు తడి పీల్చదు.