ఎనిమిది ముఖాల ఉప్పు: ఆరో సీసా కూడా పోయింది

పొద్దున్నే మూత తీసి చూస్తే సీసా అడుగునుంచి తెల్లటి సూదుల పొద. పదకొండు రోజులు కళ్ళల్లో వత్తులు వేసుకుని పెంచిన ఉప్పుగల్లు దాని మధ్య ఎక్కడో పూడిపోయింది. కాఫీ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

పటిక సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా: 31 మి.మీ. అష్టముఖి, అద్దంలా వచ్చింది, నెయిల్ పాలిష్ పూసి అలమరలో పెట్టేశా. పటికకి ఆ ఆకారం పుట్టుకతోనే వస్తుంది, అందులో నా గొప్పేం లేదు. మామూలుగా పాచికలా ఘనంగా పెరిగే ఉప్పుని కూడా అలా ఎనిమిది ముఖాలతో పెంచాలని నా పంతం.

ఉప్పు ఘనంగానే ఎందుకు పెరుగుతుందంటే, ఘనం ముఖం మీద సోడియం (ప్లస్ ఛార్జి), క్లోరైడ్ (మైనస్ ఛార్జి) అయాన్లు చదరంగం గళ్ళలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ప్లస్సూ మైనస్సూ అక్కడికక్కడే చెల్లు. మూలని ఏటవాలుగా కోస్తే వచ్చే ముఖం అలా కాదు. ఒక పొరంతా సోడియమే, దాని కింద పొరంతా క్లోరైడే. అలాంటి ముఖం ఊరికే ఉండలేదు, గబగబా అయాన్లని లాక్కుని పెరిగి చివరికి తనే మాయమవుతుంది. నిదానంగా పెరిగే ఘనం ముఖాలు మిగులుతాయి. ఉప్పునీళ్ళలో యూరియా కలిపితే, అది వెళ్ళి ఆ ఏటవాలు ముఖాన్ని పట్టుకుంటే దాని దూకుడు తగ్గి అష్టముఖి రావాలి. 1783లోనే రోమే ద లీల్ అనే ఫ్రెంచి స్ఫటిక శాస్త్రజ్ఞుడు, యూరియా ఉండే మూత్రంలో పెరిగిన ఉప్పులో ఈ ఆకారం చూశాడు. ఆ పద్ధతి మా ఆవిడ ముందు ప్రస్తావించే ధైర్యం నాకు లేదు.

మొదటి రెండు సీసాల పాపం ప్యాకెట్ ఉప్పుది. నేను వాడిన దాని మీద 536 అని ఉంది, అంటే గడ్డకట్టకుండా కలిపే ఫెర్రోసయనైడ్. ఇనుము చుట్టూ ఆరు సయనైడ్లున్న ఆ అయాన్, సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు ఉండాల్సిన చోట సరిగ్గా ఇమిడిపోతుంది. ఛార్జి మాత్రం కుదరదు, దాంతో పై పొర పేరుకోదు. నాకు దక్కింది గాజు గోడ మీదికి పాకిన ఫెర్న్ ఆకులు. కూరలోకి సరే, గల్లు పెంచడానికి రాళ్ళుప్పే వాడాలి, అదీ రెండుసార్లు వడకట్టి.

మూడో దానికీ నాలుగో దానికీ ఎరువుల కొట్టు యూరియా. 2015 నుంచి మన దగ్గర యూరియాకి వేపనూనె పూత తప్పనిసరి అన్న సంగతి సీసాలోంచి వాసన కొట్టాకే గుర్తొచ్చింది. పైన జిడ్డు తెట్టు, అది నీళ్ళని ఆవిరి కానివ్వదు. ఆవిరైతేనే కదా గల్లు పెరిగేది. ఆరు రోజుల్లో 4 గ్రా. నీళ్ళు పోయాయి, పక్కనున్న ఉత్త ఉప్పునీళ్ళ సీసాలో 19 గ్రా. పోయాయి. మూడుసార్లు కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టినా తెట్టు వదల్లేదు.

ఐదో దానికి ల్యాబ్ యూరియా కొన్నా. నీళ్ళు 100 మి.లీ., ఉప్పు 36 గ్రా., యూరియా 15 గ్రా. తొమ్మిది రోజులకి బరువు తగ్గకపోగా 2 గ్రా. పెరిగింది! ఆగస్టు కాకినాడ, గదిలో తేమ 82 శాతం. చిక్కటి ఉప్పునీళ్ళు, తేమ 75 శాతం దాటితే గాలిలోంచే నీళ్ళు తాగుతాయి, యూరియా కలిస్తే అంతకన్నా ముందే. ఇది నా బుర్రకి తట్టడానికి వారం పట్టింది.

అందుకే ఆరోది ఏసీ గదిలో, 22 డిగ్రీల దగ్గర. యూరియా ఒక్కసారే 60 గ్రా.కి పెంచా. కరిగేటప్పుడు వేడిని ఎంత లాగిందంటే 31 డిగ్రీల నీళ్ళు 12కి దిగి బీకరుకి చెమట పట్టింది. (బోరోసిల్ బీకరు ఖరీదెక్కువైనా ఇలాంటప్పుడు గుండె దడ ఉండదు.) ఎనిమిదో రోజుకి గల్లు 9 మి.మీ., ఎనిమిది మూలలూ తెగి చిన్న త్రికోణాలు! వెర్నియర్‌తో ఒక త్రికోణం భుజాలు కొలిస్తే 2.6, 2.6, 2.5. మూడూ దాదాపు సమానం కాబట్టి అది నేను వెతుకుతున్న ముఖమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత మూడు రోజులకే సూదులు. లెక్క ఇప్పుడు వేశాను, ముందే వేయాల్సింది. 100 మి.లీ.కి 60 గ్రా. భద్రమే, 20 డిగ్రీల దగ్గర యూరియా 108 గ్రా. దాకా కరుగుతుంది. కానీ 47 మి.లీ. ఆవిరయ్యాయి. మిగిలిన 53 మి.లీ.లో అదే 60 గ్రా. అంటే వందకి 113. సూదులు యూరియావే అని నా అనుమానం. ఒకటి తీసి చుక్క నీళ్ళలో వేస్తే వేలికి చల్లగా తగిలింది, ఉప్పు అంత చల్లదనం ఇవ్వదు.

ఏడో సీసాలో యూరియా 45 గ్రా. వేస్తా. రోజూ బరువు చూసి, పోయిన నీళ్ళ మేరకి యూరియా లేని చిక్కటి ఉప్పునీళ్ళు పోస్తా, అప్పుడు యూరియా పాళ్ళు పెరగవు. గాలపు నైలాన్ దారానికి ఫెవిక్విక్ చుక్కతో అతికించిన విత్తనం, అంటే పెరగడానికి మొదలుగా వేసే చిన్న ఉప్పుగల్లు, 3 మి.మీ.ది, సిద్ధంగా ఉంది. అది పెరిగేలోపు పటికలో బోరాక్స్ కలిపి ఘనం తీయాలని ఉంది. అలమరలో ఘనం పటిక, అష్టముఖి ఉప్పు పక్కపక్కన పెట్టాలి. బోరాక్స్ మాత్రం ఏ కొట్లోనూ దొరకట్లేదు, రేపు క్యారమ్స్ పౌడర్ డబ్బా వెనక ఏముందో చదవాలి.